అరచేతిలో కాయ

ఏదో మాడుతున్న వాసన రాగానే టైలరమ్మ గుండె గుభేలుమంది. బల్ల మీద ఉన్నవి బడిపిల్లల యూనిఫారాలు, నలభై జతలు. పదింటికల్లా అప్పజెప్పాలి. ఒక్క చొక్కా మాడినా ఆ హెడ్‌మిస్ట్రెస్ నోటికి చిక్కినట్టే. ఇస్త్రీ పెట్టెని స్టాండు మీద ఉంచి, చేతిలో చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లగా, నిక్షేపంలా ఉంది. వాసన మాత్రం పెరుగుతూనే ఉంది.

అప్పుడు కనిపించింది. బల్లకి అవతల కూర్చుని ఎడమచేత్తో టీ తాగుతూ పేపరు చూస్తున్నాడు మొగుడు. కుడిచెయ్యి స్టాండు పక్కన వాల్చి పెట్టాడు. దాని చిటికెన వేలు కాగుతున్న ఇస్త్రీ పెట్టెకి ఆనుకుని ఉంది.

"ఏమయ్యా! చెయ్యి! చెయ్యి తియ్యి!" అని కేక పెట్టింది.

ఆయన చెయ్యి చూసుకోలేదు, పెళ్ళాం మొహం చూశాడు. "ఏమైందే? పొద్దున్నే ఆ కేకలేమిటి?"

ఆ ప్రశ్నే ఆమెని ఎక్కువ భయపెట్టింది. కాలిన మనిషి ఎగిరి గంతెయ్యాలి, అరవాలి, పెట్టె అక్కడ పెట్టినందుకు తనని నాలుగు తిట్టాలి. ఈయన తాపీగా ఏమైందని అడుగుతున్నాడు! చెయ్యి పట్టి లాక్కెళ్ళి కుళాయి కింద పెడితే వేలి పక్కన చర్మం ఊడి వచ్చింది. అయినా ఆయన మొహంలో చలనం లేదు.

"పనిచేసే చెయ్యి, మొద్దుబారింది. ఓ గుడ్డ చుట్టు, కొట్టుకి పోవాలి," అన్నాడు.

"గోరు చూశావా? నేరేడు పండు రంగులో ఉంది. ఎప్పట్నుంచి ఇలా?"

"చలికే."

"ఎక్కడి చలయ్యా? నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే!"

ఆయన మేస్త్రి. బీరువాలు, బల్లలు, సొరుగులు చేస్తాడు. సొరుగులకి ఆయన పెట్టింది పేరు. చిటికెన వేలితో తోసినా జారిపోయి మూసుకుంటాయి. అతుకులు బిగించడానికి సుత్తి ముట్టుకోడు. సుత్తి చెక్క మీద మచ్చ పెడుతుంది, అరచెయ్యి పెట్టదు అని వాళ్ళ నాన్న నేర్పాడట. అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు ఉండే కండతో ఠప్పు ఠప్పుమని కొట్టి అతుకుని దాని గాడిలో కూర్చోబెడతాడు. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి. రెండేళ్ళ కిందట సరిగ్గా అక్కడే శనగగింజంత కాయ లేచింది. పనిచేసే చేతికి కాయలు కాయడం వింతేమీ కాదు కదా అనుకున్నారు ఇద్దరూ. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం ఆరింటికి టైలరమ్మ మిషను ఆపి, నూనె గోరువెచ్చగా చేసి తెచ్చి, ఆయన పక్కన కూర్చుని ఆ కాయని బొటనవేలితో పది నిమిషాలు గట్టిగా నొక్కేది. "హాయిగా ఉందే," అనేవాడు కళ్ళు మూసుకుని. రోజు మొత్తంలో వాళ్ళు మాట్లాడుకునే మాటలన్నీ ఆ పది నిమిషాల్లోనే అయ్యేవి.

యూనిఫారాలు బడికి చేర్చమని పక్కింటావిడ చేతికిచ్చి, మొగుణ్ణి బస్సెక్కించింది. దారి పొడుగునా ఆయన గొణుగుతూనే ఉన్నాడు.

"ఆ పెద్దాసుపత్రి ఎందుకే? వీధి చివర కాంపౌండరు చాలడూ?"

"మన పిట్ట పనిచేసే చోటు పెట్టుకుని కాంపౌండరు దగ్గరికెందుకు?"

"అందుకే వద్దంటున్నా. పని మధ్యలో దాన్ని కంగారు పెట్టడం దేనికి?"

కూతురంటే ఎంత ప్రేమో ఈ మనిషికి, అనుకుని ఆమె మురిసింది కూడా. ఆ మురిపెం గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆమెకి తనని తానే చెంప మీద కొట్టుకోవాలనిపించేది.

కౌంటరులో కుర్చీ మీదున్నాయన ఫోను నంబరు అడిగి కంప్యూటరులో కొట్టాడు. "పాత పేషెంటేనమ్మా. ఎనిమిది నెలల కింద వచ్చారు. మూడు నెలలకి మళ్ళీ రమ్మంటే రాలేదు. ఇదిగో ఫైలు."

"వేరే ఎవరిదో అయ్యుంటుంది చూడండి," అంది టైలరమ్మ.

"కుడిచెయ్యి, వడ్రంగం పని. మీవారిదేగా?"

ఆమె మొగుడివైపు తిరిగింది. ఆయన గోడకున్న గడియారంకేసి చూస్తున్నాడు, జీవితంలో ఎప్పుడూ గడియారం చూడనివాడిలా.

బెంచీ మీద కూర్చుని ఫైలు తెరిచింది. మొదటి కాగితం మీద, పొగ అలవాటు: రోజుకి పది సిగరెట్లు. తొమ్మిదేళ్ళ కిందట, నీ మీద ఒట్టు, మానేశానని చెప్పిన మనిషి! కొట్టు నుంచి వచ్చిన చొక్కాకి ఎప్పుడూ వార్నిష్ వాసనే. ఆ వాసన చాటున ఇంత గ్రంథం నడిపించాడన్నమాట. రెండో కాగితం స్కానింగు రిపోర్టు. కింద సంతకం. చివర దారం తోకలా చుట్ట తిరిగిన సంతకం. పదో తరగతిలో అమ్మ కత్తిరింపు కాగితాల వెనక వందసార్లు రాసి నేర్చుకున్న సంతకం. ఆ స్కాను తీసింది పిట్ట.

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆమెకి ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరూ కూడబలుక్కున్నారు. అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది చెప్పండి.

ఎవరు చెప్పారో, పిట్ట మెట్ల మీంచి పరిగెత్తుకుంటూ దిగింది. చేతులకీ కాళ్ళకీ రక్తం సరిగ్గా పారుతోందో లేదో తెర మీద చూసి రాసే ఉద్యోగం దానిది. పక్కనే హాస్టల్లో ఉంటుంది, ఆదివారాలు ఇంటికొస్తుంది.

"అమ్మా! ఏంటిలా వచ్చారు? నాన్నకేమైంది?"

"నన్నడుగుతావేం? సంతకం నీది."

పిట్ట మొహం పాలిపోయింది. తండ్రికేసి చూసింది. ఆయన గడియారం వదల్లేదు.

"నాన్న చెప్పొద్దన్నాడమ్మా. ఇక్కడ ఆయన నాకు నాన్న కాదు, పేషెంటు. పేషెంటు వద్దంటే ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు. అది ఇక్కడి పద్ధతి."

"ఇక్కడ ఆయన నాన్న కాడు, సరే. మరి ఆదివారం ఇంటికొచ్చి నా చేత వడ్డించుకుని తిన్నప్పుడు? అక్కడ నేనెవర్ని? మీ హాస్టలు వార్డెన్నా?"

"అమ్మా..."

"ముప్పై పైచిలుకు ఆదివారాలే! నా ఎదురుగా కూర్చుని నవ్వారు, కబుర్లు చెప్పారు. మీరిద్దరూ ఒక ఇల్లు, నేను ఆ ఇంట్లో బట్టలు కుట్టే మనిషిని. అంతేగా?"

బెంచీ మీద వాళ్ళంతా తిరిగి చూశారు. చూస్తే చూశారు. టైలరమ్మకి ఆ క్షణాన పరువు కూడా బరువే అనిపించింది.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. అరవై ఏళ్ళ మనిషి, మాట మెత్తన, చూపు పదును. "కళ్ళు మూసుకోండి మేస్త్రిగారూ. సూదితో తాకుతాను, తెలిసినప్పుడు తెలుస్తోందని చెప్పండి," అంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వరసగా తాకింది. తెలుస్తోంది, తెలుస్తోంది, తెలుస్తోంది అన్నాడాయన. నాలుగోసారి డాక్టరమ్మ సూదిని ఉంగరం వేలికి రెండంగుళాల పైన గాలిలో ఆపింది. "ఇప్పుడు?"

"ఆ. బాగానే తెలుస్తోంది."

"నేనింకా ముట్టుకోలేదండీ."

మేస్త్రి కళ్ళు తెరిచి తల దించుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంకెన్ని 'తెలుస్తోంది'లు ఇలాంటివో అనుకుంది టైలరమ్మ.

తర్వాత డాక్టరమ్మ ఆయన్ని పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర రెండు పక్కలా నాళాలు నొక్కి పట్టింది. పిడికిలి తెరిస్తే అరచెయ్యి సున్నం కొట్టిన గోడలా ఉంది. బొటనవేలి వైపు వదిలితే మెల్లగా ఎరుపెక్కింది. మళ్ళీ బిగించి, ఈసారి చిటికెన వేలి వైపు వదిలింది. పది అంకెలు లెక్కపెట్టింది. పదిహేను. ఇరవై. తెలుపు తెలుపుగానే ఉంది.

"ఈ వైపు నాళం మూసుకుపోయిందమ్మా," అని టైలరమ్మకి చెప్పింది. "ఇది కాయ కాదు. చర్మం కింద ఎముక మీంచి పోయే రక్తనాళం. దానికి అక్కడ కాపుదల తక్కువ. ఏళ్ళ తరబడి ఆ చోటునే సుత్తిలా వాడేసరికి గోడ దెబ్బతిని బుడగలా ఉబ్బింది. సిగరెట్లు దానికి తోడయ్యాయి. బుడగలో రక్తం గడ్డకడుతుంది. గడ్డ నుంచి ముక్కలు ఊడి వేళ్ళలోకి పోయి, సన్నటి నాళాల్ని మూసేస్తాయి. అందుకే వేళ్ళు నల్లబడుతున్నాయి, స్పర్శ పోతోంది."

"నేను ప్రతి వారం అడిగేదాన్ని డాక్టర్," అంది పిట్ట ఏడుపు గొంతుతో. "సిగరెట్టు మానేశాను, మందులు వేసుకుంటున్నాను, చేత్తో కొట్టడం లేదు, అక్కడ ఎవర్నీ నొక్కనివ్వడం లేదు అని చెప్పాడు. నమ్మాను."

"నొక్కనివ్వడం లేదా?" అంది టైలరమ్మ.

ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

"నొక్కితే ఏమవుతుంది డాక్టరుగారూ?"

"గట్టిగా నొక్కినా, రుద్దినా ముక్కలు ఊడే ప్రమాదం ఉంది. అందుకే అక్కడ చెయ్యి వెయ్యనివ్వద్దని అప్పుడే చెప్పాను."

టైలరమ్మ తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. సూది పొడుచుకుని పొడుచుకుని గట్టిపడిన వేలు. రెండేళ్ళు, రోజూ పది నిమిషాలు.

"నేనే కదా నొక్కుతున్నాను," అంది. "నిన్న సాయంత్రం కూడా నొక్కాను."

పిట్ట రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నాన్నా! నువ్వు... అమ్మ చేతే..."

మేస్త్రి కుడిచెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అన్నీ మీ చేతివల్లే అని చెప్పలేనమ్మా. పనివల్ల కూడా అయ్యుంటుంది," అంది డాక్టరమ్మ జాలిగా. ఆ జాలి టైలరమ్మ చెవికెక్కలేదు. మొగుడి దగ్గరికి వెళ్ళి నిలబడింది. అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"సిగరెట్టు తాగావు, పోనీ. నాకు చెప్పలేదు, పోనీ. తెలిసి తెలిసి నా చేతికి నీ చెయ్యి ఇచ్చావే! నీ వేళ్ళని నా చేత్తోనే చంపించావు కదయ్యా. హాయిగా ఉందే అంటూ చంపించావు."

ఆ రోజే వార్డులో చేర్చుకున్నారు. సన్నటి గొట్టం లోపలికి పంపి, రంగు మందు ఎక్కించి నాళాల ఫొటోలు తీశారు. గడ్డలు కరగడానికి రెండు రోజులు మందు ఎక్కించారు. మూడోరోజు ఆపరేషను. ఉబ్బిన ముక్క కోసి తీసేసి, ముంజేతిలోంచి సిర తీసి అతుకుతారట. ఉంగరం వేలు దక్కవచ్చు, చిటికెన వేలి కొసకి మాత్రం హామీ లేదన్నారు.

ఆ రెండు రోజులూ టైలరమ్మ మంచం పక్కన స్టూలు వదల్లేదు, ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే నర్సుతో చెప్పేది. "మాత్ర వేసుకోమనండి ఆయన్ని." ఆయనా నర్సుతోనే అనేవాడు, "ఆవిణ్ణి కాస్త నడుం వాల్చమనండి." పాపం ఆ నర్సు, "మీ ఇద్దరి మధ్యా నేను టెలిఫోనునా?" అని విసుక్కుంది. ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు.

రెండోరోజు పిట్ట డ్యూటీ దిగి వచ్చి నేల మీద కూర్చుని తల్లి మోకాళ్ళ మీద తల పెట్టింది. టైలరమ్మ తొయ్యలేదు, తల నిమరనూ లేదు.

"ఆదివారం ఐదింటి బస్సుకే వెళ్ళిపోయేదాన్నమ్మా," అంది పిట్ట. "ఒక్క వారం ఆరింటిదాకా ఉండుంటే నా కళ్ళతో నేనే చూసేదాన్ని. పద్ధతి ప్రకారం నేను చేసింది తప్పు కాదు. కానీ నీ మొహం చూడలేక పారిపోయేదాన్ని. అది తప్పే. నన్ను కొట్టు, తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు."

"నేను చదువుకోలేదు కదా, నాకు చెప్పినా అర్థం కాదనుకున్నావా?"

"లేదమ్మా! నువ్వు ఏడుస్తావని..."

"ఏడవనివ్వాలి పిట్టా. ఏడవాల్సింది నేను ఏడవాలి. అది కూడా నాకు దక్కకుండా చేస్తే ఎలా?" అంటూనే ఏడ్చేసింది. అప్పుడు మాత్రం చెయ్యి తనంతట తనే కూతురి తల మీదికి వెళ్ళింది.

మూడోరోజు పొద్దున్న ఆపరేషను కాగితం తెచ్చారు. భార్య సంతకం కూడా కావాలన్నారు. టైలరమ్మ పెన్ను తీసుకుని, నర్సుని బయట ఉండమంది.

"ముందు చెప్పు. ఎందుకు చేశావు? చెప్పకపోతే ఈ కాగితం చింపేస్తాను. నేనేం తమాషాకి అనడం లేదు."

మేస్త్రి పైకప్పుకేసి చూస్తూ చెప్పాడు. "సిగరెట్టు సంగతి తెలిస్తే ఊరుకోవని భయం. అది మొదటి అబద్ధం. దాన్ని కాపాడ్డానికి మిగతావి."

"అది నాకు తెలుసు. నొక్కించుకున్నావెందుకు? ఈ రోజు వద్దులే, నెప్పిగా ఉంది అంటే సరిపోయేది కదా!"

"నెప్పికి ప్రాణం పోయేదే."

"మరి హాయిగా ఉందన్నావు!"

"నువ్వు పొద్దున్న ఆరింటికి మిషనెక్కుతావు. నేనొచ్చేసరికీ మిషను మీదే ఉంటావు. అన్నం తింటూ బొత్తాలు కుడతావు." ఆయన కట్టు కట్టిన వేలు చూసుకున్నాడు. "ఆ పది నిమిషాలే నువ్వు నా పక్కన కూర్చునేది. వద్దంటే ఇంక ఎప్పుడు కూర్చుంటావు? వేలు పోతే పోయిందిలే అనుకున్నాను. నా వేలే కదా అనుకున్నాను. నీ చెయ్యి కూడా అందులో ఉందని తోచలేదు. నిజంగా తోచలేదే."

టైలరమ్మకి ఒక్కసారిగా కోపం, జాలి, సిగ్గు అన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. తిట్టడమే తేలిక కాబట్టి తిట్టింది.

"మొద్దు మొహమా! కూచోవే అని నోరు తెరిచి ఒక్కసారి అడిగితే కూచోనా?"

"రెండుసార్లు అడిగాను. పనుందన్నావు."

ఆమెకి గుర్తులేదు. గుర్తులేకపోవడమే ఆమెని ఎక్కువ కోసింది. కళ్ళు తుడుచుకుని కాగితం మీద సంతకం గీకింది. "నేను నిన్ను క్షమించలేదు. చెప్తున్నా విను. చెయ్యి బాగవనీ, తర్వాత తీరిగ్గా పోట్లాడతాను. అప్పటిదాకా ఇంకొక్క అబద్ధం దొరికిందంటే నేను పిట్ట హాస్టల్లో చేరిపోతాను."

ఆపరేషను మూడు గంటలు పట్టింది. అతుకు నిలిచింది. చిటికెన వేలి కొస, గోటిలో సగం పోయింది.

ఇంటికొచ్చాక పిట్ట సెలవు పెట్టి ఆరు వారాలు దగ్గరుంది. స్పర్శ ఎంతవరకు తిరిగొస్తోందో రోజూ సూదితో చూసి పుస్తకంలో రాసేది. తండ్రికి ఒక రబ్బరు సుత్తి కొనిచ్చింది. ఆయన దాన్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు అనుమానంగా చూసి, చివరికి ఒక సొరుగు మీద వాడి, మచ్చ పడలేదని ఒప్పుకున్నాడు. సిగరెట్ల డబ్బా తనే తెచ్చి టైలరమ్మ కాళ్ళ ముందు చెత్తబుట్టలో పడేశాడు. ఆమె మాట్లాడుతోంది, వడ్డిస్తోంది, మందులిస్తోంది. ఆ అరచెయ్యి మాత్రం తాకడం లేదు. తన బొటనవేలంటే తనకే భయం. పైగా ఆయన ఏ మాటన్నా, ఇది నిజమేనా అని లోపల ఒక ముల్లు కదులుతూనే ఉంది. అన్నం బాగుందే అన్నా సరే కదులుతోంది.

సెలవు అయిపోయి, ఆ సోమవారం పిట్ట డ్యూటీకి వెళ్ళిపోయింది. వెళ్తూ సూదీ పుస్తకమూ తల్లి చేతిలో పెట్టింది. సాయంత్రం ఆరైంది. మేస్త్రి కొట్టు నుంచి వచ్చి పాత చోటే కూర్చున్నాడు. కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"ఏమే. ఓ పది నిమిషాలు నా పక్కన కూచుంటావా?"

"మిషను మీద..." అని అలవాటుగా మొదలుపెట్టి, ఆగిపోయింది టైలరమ్మ. దారం తెంపి లేచొచ్చింది.

"కళ్ళు మూసుకో. తెలిస్తేనే తెలుస్తోందని చెప్పు."

బొటనవేలు తాకింది. తెలుస్తోందన్నాడు. చూపుడువేలు. తెలుస్తోంది. మధ్యవేలు. తెలుస్తోంది. నాలుగోసారి ఆమె చెయ్యి ఎందుకో ఆగింది. సూదిని ఉంగరం వేలికి రెండంగుళాల పైన గాలిలో ఉంచింది.

"ఇప్పుడు?"

మేస్త్రి పెదాలు కదిలాయి. నుదుటి మీద చెమట పట్టింది.

"చెప్పు. తెలుస్తోందా?"

"లేదే," అన్నాడు. "నిన్న తెలిసింది. ఈ రోజు ఏమీ తెలియడం లేదు. మళ్ళీ మూసుకుపోయినట్టుంది. పిట్టకి ఫోన్ చెయ్యవే, ఆలస్యం చెయ్యకు."

"కళ్ళు తెరువు."

తెరిచాడు. గాలిలో ఉన్న సూదిని చూశాడు. ఆమె మొహం చూశాడు. ఆమె బుగ్గల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"నేను ముట్టుకోలేదయ్యా," అంది టైలరమ్మ. "ముట్టుకోనేలేదు."

"ఓసి నీ! నా పై ప్రాణాలు పైనే పోయాయి కదే!"

"పోనీ. నిజం చెప్పావు." సూది మొనతో ఉంగరం వేలిని చురుక్కుమనిపించింది.

"అబ్బా! చచ్చాను!"

"నెప్పి పుట్టిందా?"

"పుట్టకేం చేస్తుంది! మనిషివా, కందిరీగవా?"

టైలరమ్మ ఏడుపులోంచే నవ్వింది. ఆ చేతిని మెల్లగా తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. నొక్కలేదు, రుద్దలేదు, ఊరికే పట్టుకుంది. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఆ సాయంత్రం మిషను మళ్ళీ తిరగలేదు.